57 టన్నుల టైగర్: ఒక రికవరీ మెకానిక్ కేస్ స్టడీ

రాజస్థాన్‌లో ఒక ఎండిన చెరువు. పైన పెంకు కట్టిన మట్టి, కింద జిగురు. ఎక్సర్‌సైజు జరుగుతుండగా మా టీ-72 ట్యాంకు ఒకటి దాని మీదుగా అడ్డదారి పట్టి, నడిమధ్యలో పొట్ట ఆనించి కూర్చుంది. డ్రైవర్ బయటపడాలని ముందుకీ వెనక్కీ ఊపేకొద్దీ ఇంకా దిగిపోయింది. మేం వెళ్లేసరికి సాయంత్రం ఐదయింది. ఒక రికవరీ బండి చాలలేదు, రెండోదాన్ని పిలిపించాం. పొట్ట కింద మట్టి తవ్వి గాలి ఆడేలా చేసి, కప్పీలు వేసి, వైర్ రోప్ రెండు మడతలు తిప్పి లాగితే, తెల్లారుజామున మూడింటికి చప్పరించినట్టు ఒక శబ్దం చేసి పైకొచ్చింది. ఆ శబ్దం విన్నవాడు మర్చిపోడు. అప్పటిదాకా బండి బరువొక్కటే కాదు, మట్టి పట్టు కూడా లాగుతున్నాం అన్నమాట.

టీ-72 బరువు 41 టన్నుల పైమాటే. ఆ రాత్రి గట్టున కూర్చుని టీ తాగుతుంటే మా ఉస్తాద్ అన్నాడు: "దీనికే ఇంత ఏడిస్తే, జర్మనీవాడు 57 టన్నులది తీసుకెళ్లి రష్యా బురదలో తిప్పాడు. వాడి రికవరీవాళ్ల గురించి ఎవడైనా ఆలోచించాడా?"

నేను ఆలోచించడం మొదలుపెట్టింది అక్కడే. సికింద్రాబాద్‌లో ఈఎంఈ (సైన్యంలో బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) ట్రైనింగ్ అయ్యాక ఇరవై రెండేళ్లు బండ్లు లాగడం, విప్పడం, బిగించడమే నా పని. ఉస్తాద్ చెప్పిన ఆ 57 టన్నులది టైగర్, రెండో ప్రపంచ యుద్ధంలో జర్మన్ల భారీ ట్యాంకు. దాని గురించి రాసేవాళ్లు ఎక్కువగా తుపాకీ దగ్గర మొదలుపెట్టి కవచం దగ్గర ఆపేస్తారు. నేను టో హుక్ దగ్గర మొదలుపెడతాను. నా లెక్కలో టైగర్ అసలు లోపం తరచూ చెడిపోవడం కాదు. యుద్ధంలో అన్ని బండ్లూ చెడతాయి. చెడినప్పుడు దాన్ని ఇంటికి చేర్చే దారి లేకపోవడమే లోపం. ఆ లోపం తుపాకీ, కవచం ఉన్న డ్రాయింగులోనే ఉంది. వాటి నుంచి విడదీసి బాగుచేసేది కాదు.

బండి ఎలా పుట్టింది

1941 మే నెలలో హిట్లర్ సమక్షంలో జరిగిన సమావేశంలో భారీ ట్యాంకు పనికి ఊపు వచ్చింది. రష్యా మీద దాడి ఇంకా మొదలు కాలేదు. రష్యావాళ్ల టీ-34 ట్యాంకుని చూసి భయపడి టైగర్ కట్టారని చాలామంది అనుకుంటారు, అది సగమే నిజం. టీ-34, కేవీ ట్యాంకులు ఎదురయ్యాక తొందర పెరిగింది, అంతే. హెన్షెల్ కంపెనీ, ఫెర్డినాండ్ పోర్ష విడివిడిగా నమూనాలు కట్టారు. 1942 ఏప్రిల్ 20న, హిట్లర్ పుట్టినరోజున, రాస్టెన్‌బర్గ్‌లో రెండింటినీ నడిపి చూపించారు. పోర్షది పెట్రోల్ ఇంజన్లతో జనరేటర్లు తిప్పి, ఆ కరెంటుతో మోటార్లు నడిపే పద్ధతి. కాగితం మీద ముచ్చటగా ఉంటుంది, రాగి తీగ బోలెడు కావాలి. గెలిచింది హెన్షెల్. పోర్ష ముందే కట్టించుకున్న చాసిస్‌లలో 90 దాకా తర్వాత ఫెర్డినాండ్ అనే ట్యాంకు వేట బండ్లుగా మారాయి.

హెన్షెల్ నమూనా పేరు వీకే 45.01. ఆ 45 అంటే 45 టన్నుల తరగతి అని. తయారై బయటికొచ్చేసరికి యుద్ధానికి సిద్ధంగా 57 టన్నులు తూగింది. మెకానిక్‌గా నాకు ఈ కేసులో మొదటి రోగలక్షణం ఇదే. 45 టన్నులు అనుకుని మొదలైన బండి మీద 12 టన్నులు అదనంగా కూర్చుంటే, ఆ బరువు ఎక్కడో ఒకచోట బయటపడాలి. గేర్‌బాక్స్‌లోనో, బ్రేకుల్లోనో, రోడ్ వీల్ రబ్బరులోనో.

ఇంజన్ మేబాక్. మొదటి 250 బండ్లకి 21 లీటర్ల హెచ్‌ఎల్ 210, సుమారు 650 గుర్రాల శక్తి. ఆ తర్వాతివాటికి 23 లీటర్ల హెచ్‌ఎల్ 230, 700 గుర్రాలు. రెండూ పెట్రోలువే. టన్నుకి 12 గుర్రాలు పడుతుంది. టీ-34కి టన్నుకి 16 పైనే ఉండేవి, మా టీ-72కి 19 దాకా ఉన్నాయి. 1943 నవంబరు నుంచి హెచ్‌ఎల్ 230 వేగాన్ని నిమిషానికి 3,000 చుట్ల నుంచి 2,500కి కట్టేశారు, ఇంజన్ త్వరగా పోకూడదని. అసలే తక్కువ శక్తి, అందులోనూ కోత. వర్క్‌షాప్‌లో పనిచేసినవాడికి ఆ నిర్ణయం వెనక ఎన్ని పగిలిన ఇంజన్లు ఉండి ఉంటాయో తెలుస్తుంది.

ఏది నిజంగా బాగుంది

ఇక్కడ పిసినారితనం చూపించను. తుపాకీ 8.8 సెంటీమీటర్లది, కేడబ్ల్యూకే 36. సుమారు 10 కిలోల కవచభేదక గుండు సెకనుకి 773 మీటర్ల వేగంతో బయల్దేరుతుంది. కిలోమీటరు దూరంలో 30 డిగ్రీలు వాలి ఉన్న 100 మిల్లీమీటర్ల ఉక్కుని కూడా దాటుతుంది. 1942, 43ల్లో ఆ దూరంలో దాన్ని తట్టుకుని నిలబడే ట్యాంకు ఎవరి దగ్గరా దాదాపు లేదు. గుండు దారి చదునుగా ఉంటుంది కాబట్టి దూరం అంచనాలో కొంచెం తప్పినా తగులుతుంది. బ్రిటిష్‌వాళ్లు పట్టుకున్న తుపాకీతో 1,100 మీటర్ల నుంచి ఐదు గుండ్లు పేల్చి చూస్తే, ఐదూ 41 బై 46 సెంటీమీటర్ల చోట పడ్డాయి. ఒక కుర్చీ సీటంత జాగా. లోపల 92 గుండ్లు పట్టేవి. ఇంత పెద్ద గుండ్లు అన్ని మోయడం అప్పట్లో మామూలు విషయం కాదు.

కవచం ముందు 100 మిల్లీమీటర్లు, పక్కల పైభాగం, వెనక 80, చక్రాల వెనక ఉండే కింది పక్కభాగం 60. పలకలు నిట్టనిలువుగా ఉంటాయి, టీ-34లా వాలుగా ఉండవు. డబ్బాలాగా ఉందని చాలామంది ఎగతాళి చేస్తారు. కానీ డబ్బాకి లోపల జాగా ఎక్కువ. ఐదుగురు మనుషులు, 92 గుండ్లు, పనిచేసేందుకు మోచెయ్యి ఆడే చోటు. వాలుకవచం ఉన్న ట్యాంకులో కూర్చుని పనిచేసినవాళ్లని అడగండి, మోకాళ్లు ఎక్కడ పెట్టుకున్నారో చెబుతారు.

వాలు లేని లోటుని సిబ్బందే తీర్చుకోవాలి. అందుకు ఒక చిట్కా నేర్పారు. 1943లో టైగర్ సిబ్బందికి బొమ్మలతో, పద్యాలతో, మొరటు హాస్యంతో ఒక శిక్షణ పుస్తకం అచ్చేశారు. అందులో బండిని గడియారంలా ఊహించుకోమంటారు. శత్రువు సూటిగా 12 గంటల దిక్కులో ఉండకూడదు. పదిన్నర, ఒకటిన్నర, నాలుగున్నర, ఏడున్నర దిక్కుల్లో ఉండాలి. వీటిని భోజన వేళలు అన్నారు: టిఫిన్, మధ్యాహ్న భోజనం, కాఫీ, రాత్రి భోజనం. అంటే బండిని శత్రువుకి మూలగా నిలబెడితే 100 మిల్లీమీటర్ల పలక ఇంకా మందంగా పనిచేస్తుంది. రంగురుట్లకి చెప్పాల్సిన పద్ధతి అదే. కోణాల లెక్కలు ఎవడికీ గుర్తుండవు, అన్నం వేళ అందరికీ గుర్తుంటుంది.

కవచం ఎంత పనిచేసిందనడానికి అందరూ చెప్పే రిపోర్టు ఒకటుంది. 1943 ఫిబ్రవరిలో, రోస్తోవ్ ప్రాంతంలో, 503వ హెవీ బెటాలియన్‌కి చెందిన ఒక టైగర్‌కి ఆరు గంటల పోరులో ట్యాంకు వ్యతిరేక రైఫిల్ దెబ్బలు 227, చిన్న ఫిరంగి దెబ్బలు 14, 76 మిల్లీమీటర్ల ఫిరంగి దెబ్బలు 11 తగిలాయి. ఒక్కటీ లోపలికి దూరలేదు. ఈ వాక్యం దగ్గర చదివేవాళ్లు చప్పట్లు కొడతారు. నేను దాని తర్వాతి వరస చదువుతాను. కుడివైపు చక్రాలు, వాటి చేతులు చిల్లులుపడ్డాయి, ట్రాక్‌ని బిగించి ఉంచే వెనక ఐడ్లర్ చక్రం తన కుదురులోంచి కదిలిపోయింది, వెల్డింగ్ అతుకులు కొన్ని విడిపోయాయి, పెట్రోల్ ట్యాంకు కారింది. అయినా సొంత ఇంజన్ మీద మరో 60 కిలోమీటర్లు నడిచింది. నిజంగా గొప్పే, సందేహం లేదు. మనుషులు బతికొచ్చారు. కానీ ఆ బండి వర్క్‌షాప్ గేటు దాటిన క్షణం నుంచీ మెకానిక్‌లకి ఎన్ని రోజుల పని మిగిలిందో ఒక్కసారి ఊహించండి. శత్రువు గుండు లోపలికి దూరకపోయినా వారాల తరబడి ఆ బండిని యుద్ధం నుంచి తప్పించగలదు.

డ్రైవర్ సంగతి కూడా చెప్పాలి. మా టీ-72లో తిప్పడానికి రెండు లీవర్లు. టైగర్‌లో కారుకున్నట్టు స్టీరింగ్ వీల్, హైడ్రాలిక్ సాయంతో. గేర్‌బాక్స్ ఓల్వార్ రకం, ముందుకి 8 గేర్లు, వెనక్కి 4. ముందే గేరు ఎంచుకుంటే మిగతాది అదే చూసుకుంటుంది. 57 టన్నుల బండిని ఒక కుర్రాడు అలుపు లేకుండా నడపగలిగేవాడు. 1942లో ట్యాంకులో అలాంటి సౌకర్యం అరుదు. ఇంత సున్నితమైన యంత్రాన్ని రష్యా రోడ్ల మీదికి పంపడం వేరే సంగతి.

విప్పితే కనిపించేవి

రోడ్ వీల్స్‌తో మొదలుపెడదాం. టైగర్‌కి ఒక్కో పక్కన ఎనిమిది టార్షన్ బార్లు, అంటే మెలితిరిగి స్ప్రింగుల్లా పనిచేసే కడ్డీలు. ఒక్కో చేతికి మూడేసి చక్రాల చొప్పున పక్కకి 24 చక్రాలు, ఒకదాని సందులో ఒకటి అల్లుకుని, చేపపొలుసుల్లా ఉంటాయి. బరువు చాలా చక్రాల మీద పంచుకుంటుంది, నడక మెత్తగా ఉంటుంది, నడుస్తున్నప్పుడు సిబ్బంది అలసిపోరు. ఇంజనీరు కళ్లతో చూస్తే అందమైన పరిష్కారం.

ఇప్పుడు లోపలి వరసలో ఒక చక్రం రబ్బరు ఊడిందనుకోండి. టీ-72లో అయితే ట్రాక్ వదులు చేసి, ఆ చేతిని పైకెత్తి, ఆ ఒక్క చక్రం బోల్టులు విప్పి మార్చేస్తాం. చెమట పడుతుంది కానీ గొడవ లేదు. టైగర్‌లో ముందు దాని మీద పడుకున్న బయటి చక్రాలు తీయాలి, తర్వాత పక్క చేతుల చక్రాలు తీయాలి, అప్పుడు అసలు చక్రం కనిపిస్తుంది. పని అయ్యాక అన్నీ వరసగా వెనక్కి పెట్టాలి. వేసవి మధ్యాహ్నం అయితే సరే. చలికాలంలో సందుల్లో ఇరుక్కున్న బురద రాత్రికి గడ్డకట్టి చక్రాలని బిగించేసేది. 1944లో రబ్బరు తగ్గించిన ఉక్కు అంచు చక్రాలు పెట్టి, వాటి సంఖ్యా తగ్గించారు. అదే మొదట్లోనే చేసి ఉంటే ఎన్ని రాత్రులు మిగిలేవో.

గేర్‌బాక్స్ ఇంకో మెట్టు పైన. ఇంజన్ వెనక, గేర్‌బాక్స్ ముందు, వాటి మధ్య టరెట్ (తుపాకీ ఉండే, పైన తిరిగే గది) కింద నుంచి పోయే షాఫ్ట్. డ్రైవ్ చక్రం ముందుంది కాబట్టి ఈ ఏర్పాటు. చిక్కేమిటంటే గేర్‌బాక్స్ బయటికి తీయాలంటే ముందు టరెట్ ఎత్తాలి. టరెట్ బరువు 11 టన్నుల పైన. దానికోసం 16 టన్నుల ద్వార క్రేన్లు ఉండేవి, బండికి అటూ ఇటూ కాళ్లు పెట్టి నిలబెట్టేవి. ఒక పొలంలో, వర్షంలో, శత్రువు 15 కిలోమీటర్ల దూరంలో ఉన్నాడని తెలిసీ, ఆ క్రేన్ నిలబెట్టి, తుపాకీతో సహా టరెట్ ఎత్తి పక్కన పెట్టి, గేర్‌బాక్స్ లాగాలి. మా టీ-72లో ఇంజన్, గేర్‌బాక్సులు వెనకే. పైమూత తీస్తే చేతికి అందుతాయి. అయినా ఇంజన్ మార్పు ఒక రోజు పని. జర్మన్లే తర్వాత నేర్చుకుని, యుద్ధం అయ్యాక కట్టిన లెపర్డ్ 2 ట్యాంకులో ఇంజన్, గేర్‌బాక్స్ కలిపి ఒకే ముద్దగా పెట్టారు. క్రేన్ ఉంటే అరగంట లోపు ఊడదీసి కొత్తది పెట్టేయొచ్చు. టైగర్ కట్టిన దేశమే అలా కట్టిందంటే, ఆ పాఠం ఎంత బాధతో నేర్చుకున్నారో అనిపిస్తుంది నాకు.

టరెట్ తిప్పడం గురించి ఒక్క మాట. హైడ్రాలిక్ మోటారు ప్రధాన ఇంజన్ నుంచే శక్తి తీసుకుంటుంది. ఇంజన్ వేగం తక్కువైతే టరెట్ నెమ్మది, ఇంజన్ ఆగితే చేతి చక్రమే గతి. గన్నర్ పూర్తి చుట్టు తిప్పాలంటే 720 సార్లు తిప్పాలి. దగ్గరికి వచ్చేసిన టీ-34 పక్కనుంచి తిరుగుతుంటే గన్నర్ మణికట్టు పరిస్థితి ఊహించుకోండి. అందుకే తెలివైన డ్రైవర్లు టరెట్‌తో పాటు బండిని కూడా తిప్పేవారు.

పెట్రోల్ 540 లీటర్లు. రోడ్డు మీద కాగితం లెక్క 195 కిలోమీటర్లు, పొలాల్లో 110. అంటే నేల మెత్తగా ఉంటే కిలోమీటరుకి దాదాపు 5 లీటర్లు తాగుతుంది.

లాగడం

ఇక నా సబ్జెక్టు. రికవరీలో మాకు నేర్పే మొదటి లెక్క ఇది. బండి చక్రాల దాకా దిగితే దాన్ని లాగడానికి దాని బరువంత బలం కావాలి. ట్రాక్ పైన ఉండే రేకు దాకా దిగితే రెట్టింపు. టరెట్ దాకా దిగితే మూడింతలు. టైగర్‌కి వేసి చూడండి: చక్రాల దాకా అయితే 57 టన్నులు, రేకు దాకా అయితే 114, టరెట్ దాకా అయితే 171. అందుబాటులో ఉన్నది ఏమిటి? ఫామో అనే 18 టన్నుల తరగతి సగం చక్రాలు, సగం ట్రాకుల లాగుడు బండి. గట్టి రోడ్డు మీద చెడి ఆగిన టైగర్‌ని కదిలించడానికే రెండో మూడో ఫామోలు కట్టాలి. వంపులో మూడు బండ్ల డ్రైవర్లు ఒకేసారి క్లచ్ వదలాలి. ఒకడు ముందు వదిలితే రోప్ తెగుతుంది. తెగిన వైర్ రోప్ ఎలా కొడుతుందో మా వాళ్లందరికీ తెలుసు, దాని దారిలో నిలబడకూడదనే మొదటి రోజు నేర్పుతారు.

టైగర్‌ని టైగర్‌తో లాగకూడదని నియమం ఉండేది. కారణం సులువు: అసలే అంచున ఉన్న గేర్‌బాక్స్, బ్రేకుల మీద ఇంకో 57 టన్నులు వేస్తే రెండూ పోతాయి. కానీ వెనక శత్రువు వస్తుంటే, ఫామో రాకపోతే, లోపల నీ స్నేహితుడు ఉంటే, ఆ నియమం ఎవడు చూస్తాడు? కట్టి లాగేవారు. కొన్నిసార్లు వచ్చేది, కొన్నిసార్లు రెండూ అక్కడే ఉండిపోయేవి. పాంథర్ అనే ఇంకో జర్మన్ ట్యాంకు చాసిస్ మీద కట్టిన రికవరీ బండి 1943లో వచ్చింది, అది బాగా పనిచేసింది కూడా. కానీ టైగర్ యుద్ధంలోకి దిగి అప్పటికి ఏడాది కావస్తోంది. బండితో పాటే దాన్ని మోసేది కూడా పుట్టాలి. ఇక్కడ బిడ్డ పుట్టిన ఏడాదికి ఉయ్యాల చేయించారు.

వంతెనలు, రైళ్లు కూడా ఇదే కథ. చాలా వంతెనలు 57 టన్నులు మోయవు. అందుకని మొదటి 495 బండ్లకి నాలుగు మీటర్ల లోతు నీళ్లలో అడుగున నడిచే ఏర్పాటు పెట్టారు. ఖరీదని తర్వాత తీసేశారు. రైలు మీద పంపాలంటే వెడల్పు ఎక్కువ. 725 మిల్లీమీటర్ల యుద్ధపు ట్రాకులు విప్పి, బయటి వరస చక్రాలు ఊడదీసి, 520 మిల్లీమీటర్ల సన్న ట్రాకులు తొడిగి వ్యాగన్ ఎక్కించాలి. దిగాక మళ్లీ అంతా తిరగేయాలి. ఏ స్టేషన్‌లోనైనా ఇదే తంతు. ఒక్క టైగర్ వెంట రెండు జతల ట్రాకులు ప్రయాణం చేసేవి, పెళ్లికి వెళ్లే పెద్దావిడ రెండు పెట్టెలు పట్టుకున్నట్టు.

నడక క్రమశిక్షణ కూడా కఠినంగా ఉండేది. రోడ్డెక్కాక మొదటి 5 కిలోమీటర్లకి ఆగి చూడాలి, ఆపైన ప్రతి 10, 15 కిలోమీటర్లకి ఆగాలి. పాటిస్తే బండి బాగానే నడిచేది. ఇది పక్షపాతం లేకుండా చెప్పాలి: విశ్రాంతి, విడిభాగాలు, అనుభవం ఉన్న మెకానిక్‌లు దొరికిన చోట టైగర్ బెటాలియన్లు తమ బండ్లలో ఎక్కువ భాగాన్ని నడిచే స్థితిలోనే ఉంచుకున్నాయి. మొదటి రోజుల పాంథర్ ఫైనల్ డ్రైవ్‌లా (ట్రాక్ చక్రాన్ని తిప్పే చివరి గేర్లు) చేతిలోనే ముక్కలయ్యే రకం కాదు టైగర్. ప్రతి బెటాలియన్‌కి సొంత వర్క్‌షాప్ కంపెనీ ఉండేది, వాళ్లు చేయి తిరిగినవాళ్లు. సమస్య వాళ్ల చేతుల్లో లేదు. ఫ్యాక్టరీ మీద ఒత్తిడి పూర్తి ట్యాంకుల లెక్క చూపించడానికి, విడి గేర్‌బాక్సుల లెక్క చూపించడానికి కాదు. 1943 అక్టోబరు 22 రాత్రి కాసెల్ నగరం మీద బ్రిటిష్ బాంబులు పడ్డాయి, హెన్షెల్ ఉన్నది ఆ ఊళ్లోనే. అక్కడ పనిచేసినవాళ్లలో ఆక్రమిత దేశాల నుంచి బలవంతంగా పట్టుకొచ్చినవాళ్లు చాలామంది. టైగర్ ఫొటోలకి హారతులు పట్టేవాళ్లు ఆ సంగతి కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుంది.

సిసిలీ

కేసులో అన్నీ ఒకేచోట కలిసి కనిపించింది సిసిలీలో. 1943 జులై 10న మిత్రదళాలు ద్వీపం మీద దిగినప్పుడు అక్కడ జర్మన్ల దగ్గర 17 టైగర్లు ఉన్నాయి, హెర్మన్ గోరింగ్ డివిజన్‌కి తోడుగా. ఎదురుగా ఉన్న అమెరికన్, బ్రిటిష్ ట్యాంకుల్లో ఏదీ ముందు నుంచి వీటికి సరిసాటి కాదు. కాగితం మీద చూస్తే ఆ ద్వీపంలో అన్నిటికంటే బలమైన బండ్లు అవే.

ఇప్పుడు నేల చూడండి. సన్నటి కొండదారులు, రెండు పక్కలా రాతి గోడలు, ఊళ్ల మధ్య బండి తిరగలేని సందులు, ఆలివ్ తోటలు, జులై ఎండ. పెద్ద ఇంజన్ వేడెక్కుతుంది, గేరు మాటిమాటికీ మార్చాలి, ప్రతి మలుపూ స్టీరింగ్ గేర్‌కి పరీక్ష. పక్కన పదాతి దళం వెనక్కి తగ్గితే ట్యాంకులు ఒంటరిగా మిగిలిపోతాయి. ఒకటి చెడితే దారి మూసుకుపోతుంది. లాగేందుకు బండి లేదు, ఉన్నా వెనక్కి తిప్పే చోటు లేదు. శత్రువు చేతికి చిక్కకూడదు కాబట్టి సిబ్బందే మందు పెట్టి పేల్చేయాలి. మొదటి కొద్ది రోజుల్లోనే చాలా టైగర్లు అలా పోయాయి. మెస్సినా జలసంధి దాటి ఇటలీ ప్రధాన భూమికి చేరింది ఒకే ఒక్కటి.

17లో 16. నేను ఈ అంకె దగ్గర చాలాసేపు ఆగాను. వాటిలో శత్రువు ఫిరంగి నేరుగా చంపినవి ఎన్ని, సొంత చేతులతో పేల్చుకున్నవి ఎన్ని అని లెక్కేస్తే, ఎక్కువ పాలు రెండోదే. మర్నాడు పొద్దున్నకి ఒక మంచి రికవరీ జట్టు, రెండు గేర్‌బాక్సులు, ఆరు గంటల టైం దొరికితే తిరిగి నడిచే బండ్లు వాటిలో ఎన్నో ఉండి ఉంటాయి. యుద్ధంలో ఓడే పక్షానికి దొరకనిది అదే టైం. ముందుకి వెళ్లే సైన్యం చెడిన బండిని రేపు బాగుచేసుకుంటుంది, నేల దానిదే కాబట్టి. వెనక్కి తగ్గే సైన్యానికి ఈ సాయంత్రం చెడిన బండి, పోయిన బండి కిందే లెక్క. టైగర్ ఎక్కువ కాలం బతికింది జర్మనీ వెనక్కి తగ్గుతున్న రోజుల్లోనే.

అంకెలు కూడా ఇందులోకే వస్తాయి. 1942 ఆగస్టు నుంచి 1944 ఆగస్టు దాకా కట్టినవి సుమారు 1,350. తుపాకీ, రేడియో కాకుండా ఒక్కొక్కటి 2,50,000 రైష్‌మార్కులు (అప్పటి జర్మన్ డబ్బు), పాంథర్‌కి రెట్టింపు పైన. టీ-34లు యుద్ధకాలంలో 50,000 దాటాయి, అమెరికావాళ్ల షెర్మన్ ట్యాంకులు 50,000కి దగ్గరగా వచ్చాయి. షెర్మన్ పోతే ఇంకొకటి ఓడలో వస్తోంది. టైగర్ పోతే ఆ బెటాలియన్ బలంలో అంత మేర ఖాళీ. అందుకే ఒక్కో టైగర్‌ని వెనక్కి లాక్కురావడం విలువ, ఒక్కో షెర్మన్‌ని లాక్కురావడం కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. సరిగ్గా ఆ బండినే లాగడం అన్నిటికంటే కష్టం. ఇంత తలకిందుల లెక్క నేను నా సర్వీసులో ఇంకో బండిలో చూడలేదు.

మరి దాన్ని కొట్టలేకపోయారా అంటే, కొట్టారు. 1943 జనవరిలో లెనిన్‌గ్రాడ్ దగ్గర చిక్కిన టైగర్లని రష్యన్లు కుబింకా అనే తమ పరీక్షా స్థలానికి తీసుకెళ్లి తుపాకులతో కొట్టి చూసి బలహీన చోట్లు రాసుకున్నారు. 1944కి 85 మిల్లీమీటర్ల టీ-34లు, 122 మిల్లీమీటర్ల ఐఎస్-2లు వచ్చాయి. బ్రిటిష్‌వాళ్లు షెర్మన్‌లో 17 పౌండర్ తుపాకీ పెట్టి ఫైర్‌ఫ్లై అన్నారు. ఆ ఏడు జూన్ 13న ఫ్రాన్స్‌లోని విల్లేర్-బొకాజ్‌లో పేరు మోగిన ఎస్ఎస్ అధికారి మిఖాయెల్ విట్‌మన్ ఆగస్టు 8న తన టైగర్‌లోనే చనిపోయాడు. రెండేళ్లలో ఆ 100 మిల్లీమీటర్ల పలక విలువ తగ్గిపోయింది. 57 టన్నుల బరువు మాత్రం తగ్గలేదు.

131

టైగర్‌ని దగ్గరగా చూడాలంటే ఇప్పుడు అందరూ వెళ్లేది ఇంగ్లండ్ బోవింగ్టన్ ట్యాంక్ మ్యూజియానికి. అక్కడున్న 131 నంబరు బండి 504వ బెటాలియన్‌ది, 1943 ఏప్రిల్‌లో ట్యునీషియాలో చిక్కింది. ఎలా చిక్కిందో మెకానిక్‌లకి నచ్చుతుంది. బ్రిటిష్‌వాళ్ల చర్చిల్ ట్యాంకు 6 పౌండర్ గుండు ఒకటి తుపాకీ గొట్టం అడుగున తగిలి జారి, టరెట్ తిరిగే రింగు సందులో ఇరుక్కుంది. టరెట్ బిగుసుకుపోయింది. ఇంకొకటి టరెట్ ఎత్తే కొక్కేనికి తగిలి తుపాకీ ఎత్తుదింపుల యంత్రాన్ని పాడుచేసింది. మూడోది లోడర్ (గుండ్లు నింపేవాడు) మూతని తాకి ముక్కలు లోపలికి చిమ్మింది. ముందు కవచం చెక్కుచెదరలేదు. అయినా అటూ ఇటూ తిరగని, పైకీ కిందికీ కదలని తుపాకీతో 57 టన్నుల ఇనుము దేనికి? సిబ్బంది దిగి పారిపోయారు, పేల్చడం కూడా మరిచారు. పెద్ద బండి ఒక అంగుళం సందు దగ్గర ఓడిపోయింది.

1990లో దాన్ని ప్రదర్శన నుంచి తీసి దాదాపు పూర్తిగా విప్పారు. 2003 డిసెంబరులో ఇంజన్ నడిచే స్థితిలో తిరిగొచ్చింది, రంగులతో సహా మిగతా పని 2012కి అయింది. సొంత శక్తితో నడిచే టైగర్ 1 ప్రపంచంలో ఇదొక్కటే. అయితే లోపల ఉన్నది దాని ఇంజన్ కాదు. దాని హెచ్‌ఎల్ 210ని ఎప్పుడో కోసి, లోపలి భాగాలు కనపడేలా ప్రదర్శనకి పెట్టేశారు. మ్యూజియంలోనే ఉన్న టైగర్ 2 (తర్వాతి మోడల్) నుంచి హెచ్‌ఎల్ 230 తీసి దీనికి పెట్టారు. అంటే ఒక టైగర్ నడవడానికి ఇంకో టైగర్ ఇంజన్ ఇచ్చి ఆగిపోయింది. 1944లో వర్క్‌షాప్ కంపెనీలు చేసింది కూడా ఇదే, పడిపోయినదాన్ని విప్పి నిలబడినదాన్ని నడిపించడం.

ఇంజన్ గదిలో దానికి కొత్త కాలపు మంటలార్పే ఏర్పాటు కూడా పెట్టారట. ఆ వాక్యం చదవగానే ఉస్తాద్‌కి ఫోన్ చేసి చెప్పాను. ఆయన నవ్వి, "మరి లాగడానికి ఏం పెట్టారు?" అన్నాడు.